ఖర్చు లేని కషాయం, కూలి లేని చేతులు

పురుగుమందుల కంపెనీలు చెప్పే అబద్ధాల గురించి ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మాట్లాడదలచుకున్నది మనవైపు నుంచే, మన సమావేశాల్లో, మన కరపత్రాల్లో చెలామణీ అవుతున్న ఒక అబద్ధం గురించి. వేపగింజల కషాయానికి ఖర్చు ఉండదన్నదే ఆ అబద్ధం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. పేరు ఏదైతేనేం, అదే ఎర్రనేల, అదే చెనిక్కాయ, అదే కరువు. ఇక్కడ ప్రకృతి వ్యవసాయం మీద జరిగే శిక్షణల్లో తరచుగా వినబడే లెక్క ఒకటుంది. బోర్డు మీద ఒకవైపు రసాయన మందు ధర, రెండోవైపు కషాయం ధర రాస్తారు. రసాయనం వైపు వందలూ వేలూ పడతాయి. కషాయం వైపు సబ్బు ఖరీదు పడుతుంది. మిగతాదంతా 'రైతు దగ్గర ఉన్నదే' అంటారు. రైతు దగ్గర ఏమున్నాయి? వేపచెట్టు ఉంది, ఆవు ఉంది, నీళ్లున్నాయి, పెళ్లాం ఉంది.

ఆ పెళ్లాం ఏం చేస్తుందో ఒకసారి వరసగా చెప్పుకుందాం. అందరూ సిఫారసు చేసే ఐదు శాతం వేపగింజల కషాయమే తీసుకోండి. వేపపండ్లు రాలేది ఎండాకాలం చివర, తొలకరికి అటూ ఇటూ. అప్పుడే ఏరుకోవాలి, వానకు తడిస్తే బూజు పడుతుంది. ఏరిన పండ్ల గుజ్జు కడిగి, గింజ నీడన ఆరబెట్టి, గాలి ఆడే గోనెసంచుల్లో దాచాలి. ఎండలో పోసి మరిచిపోతే పురుగును ఆపే అజాడిరక్టిన్ దెబ్బతింటుంది. అవసరమొచ్చినప్పుడు పెంకు కొట్టి పలుకు తీయాలి. గింజ తూకంలో పలుకు సుమారు సగమే, కాబట్టి 5 కిలోల పలుకు కావాలంటే 10 కిలోల ఎండుగింజ ఉండాలి. పలుకును దంచి, పలచని గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఆ మూటను పదే పదే పిండి, వడపోసి, 100 గ్రాముల సబ్బు కలిపి 100 లీటర్లు చెయ్యాలి. ఎదిగిన పైరుకు ఎకరాకు 200 లీటర్లు పడుతుంది కనుక ఇదంతా రెట్టింపు. 20 కిలోల గింజ, 10 కిలోల పలుకు. చేసిన కషాయం దాచుకోవడానికి పనికిరాదు, ఆ రోజే కొట్టాలి. పురుగు తగ్గకపోతే వారం పది రోజులకు మళ్లీ మొదటినుంచీ.

ఇక నీళ్లు. బిందెకు 15 లీటర్లు వేసుకున్నా 200 లీటర్లంటే 13 బిందెలు దాటుతుంది. ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గర ఉండే ఈ సీమలో, తాగునీళ్లకే బిందెలు వరసపెట్టే ఊళ్లలో, మెట్టచేను దాకా 13 బిందెలు. మూడుసార్లు కొడితే 40. రసాయన మందుకూ నీళ్లు కావాలి కదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. కావాలి. అప్పుడూ మోసింది ఆమే. ఆ లెక్కా ఎవరూ రాయలేదు.

ఏరడం, కడగడం, ఆరబెట్టడం, పెంకు కొట్టడం, దంచడం, నానబెట్టడం, పిండడం, వడపోయడం, మోయడం. ఇన్ని పనుల్లో మగవాడి వంతుకు వచ్చేది చివరిదొక్కటే, పంపు వీపున తగిలించుకుని కొట్టడం. ఎక్కడైనా కూలి లెక్క వేశారంటే దానికే వేస్తారు. ముందు జరిగిన తొమ్మిది పనులు ఇంటిపనిలో కలిసిపోయి కనబడకుండా పోతాయి. రాగులు విసిరినట్టే ఇదీ, పేడ కళ్లాపి చల్లినట్టే ఇదీ! ఆడదాని చేతి మీదుగా జరిగే పనిని పనిగా చూడని చూపు మన సంస్థల ఖాతా పుస్తకాల్లోకి కూడా వచ్చి కూర్చుంది.

పురుగుమందు దుకాణందారు ఈ మాటలు విని సంబరపడనక్కర్లేదు. ఆయన అమ్మిన సరుకు చేసిన చేటు ముందు మా ఫిర్యాదు చాలా చిన్నది. చెనిక్కాయను, ఆముదాన్ని మేసే ఎర్ర గొంగళిపురుగు (ఈ సీమలో కంబళి పురుగు) మీద బీహెచ్‌సీ పొడిని గుడ్డసంచిలో పోసి, దాన్ని చేత్తో దులుపుకుంటూ సాళ్ల వెంట నడిచిన కాలం ఒకటుంది. ముక్కుకు పైటచెంగే అడ్డం. ఆ బీహెచ్‌సీని మన ప్రభుత్వం నిషేధించింది 1997లో. ఈలోపల తల్లిపాలలో డీడీటీ, బీహెచ్‌సీ అవశేషాలున్నాయని మన దేశంలోనే ఎన్నో పరిశోధనలు చూపించాయి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. మిథైల్ పెరాథియాన్ 2018లోగాని పోలేదు. నువాన్ పేరుతో ఇంటింటా తెలిసిన డైక్లోర్‌వాస్ 2020 చివరిదాకా అమ్ముడైంది. మల్బరీ ఆకుచుట్టు పురుగుకు ఏళ్ల తరబడి సిఫారసు చేసిన మందు అదే. మందు కొట్టిన మర్నాడే ఆ చేలో వంగి కలుపు తీసేది ఆడకూలీలు. కడుపుతో ఉన్నా ఆ రోజు కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. ఇంటి మూలనున్న ఆ డబ్బా ఎందరు ఆడవాళ్లకు, తట్టుకోలేని ఒక రాత్రి, చేతికి అందిందో మన సంఘాల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. మేం ఆ డబ్బా వైపు తిరిగి వెళ్లమనడం లేదు.

పైగా ఈ పద్ధతులు పనిచేస్తాయి. వేప పురుగును అప్పటికప్పుడు పడగొట్టదు. ఆకు తినబుద్ధి కాకుండా చేస్తుంది, కుబుసం విడవనివ్వదు, రెక్కల పురుగును గుడ్లు పెట్టనివ్వదు. బాసిల్లస్ తురింజియెన్సిస్, అందరూ బీటీ అంటారు, నేలలో సహజంగా ఉండే బాక్టీరియా. దాని కణంలో ఒక స్ఫటికం తయారవుతుంది. గొంగళిపురుగు ఆకుతోపాటు దాన్ని మింగితే, పేగులోని క్షార రసానికి అది కరిగి విషమై, పేగు గోడకు తూట్లు పొడుస్తుంది. పురుగు కొన్ని గంటల్లో మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, ఆ విషం అతుక్కునే చోటు మన పేగులో లేదు. అందుకే అది మనిషినీ పశువునూ ఏమీ చెయ్యదు. ఎండకు చెడిపోతుంది గనుక సాయంత్రం కొట్టాలి, పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి.

కంబళి పురుగు విషయంలో అసలు కొట్టే పనే తక్కువ. 1980ల చివర్లో ఈ పురుగు తెలంగాణ ఆముదం చేలను ఊడ్చిపెట్టినప్పుడు, కీటక శాస్త్రవేత్త డాక్టర్ ఎం.ఎస్. చారి, సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ వాళ్లు ఊళ్ల మధ్య కూర్చుని దాని బతుకును చదివారు. అది ఎండాకాలమంతా నేలలో, చెట్ల మొదళ్లలో, గట్ల కింద కోశస్థ దశలో పడుకుంటుంది. తొలి వానలు పడగానే కొద్ది రోజుల్లోనే రెక్కల పురుగులన్నీ బయటికొస్తాయి. కాబట్టి వేసవి దుక్కి దున్ని కోశాలను ఎండకు, పిట్టలకు వదలాలి. తొలకరి రాత్రుళ్లు ఊరంతా ఒకేసారి మంటలు పెట్టి రెక్కల పురుగుల్ని రప్పించి కాల్చాలి. ఆకుల అడుగున కుప్పలుగా పెట్టిన గుడ్లను ఏరి నాశనం చెయ్యాలి. మిగిలిన గొంగళ్లు ఒక చేనునుంచి ఇంకో చేనికి దండులా కదులుతాయి గనుక దారిలో కాలువ తవ్వి జిల్లేడు, అడవి ఆముదం ఆకులు పరచాలి. ఒక్క రైతు చేస్తే ఇది వ్యర్థం, ఊరు చేస్తేనే పనిచేస్తుంది. రసాయనాలు లేని పురుగు యాజమాన్యమనే ఉద్యమం ఈ రాష్ట్రంలో పుట్టింది ఇలాగే. 2005 ప్రాంతంలో పేదరిక నిర్మూలన సంస్థ దాన్ని మహిళా సంఘాల సమాఖ్యల ద్వారా వేల గ్రామాలకు తీసుకుపోయింది. మన ప్రాంతంలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్, 2008లో మొదలైన దాని ధరణి రైతుల సహకార సంఘం సేంద్రియ పంటను పండించి అమ్మి చూపించాయి. కాబట్టి పనిచేస్తుందా లేదా అన్న వాదం మనకు అక్కర్లేదు. ఎవరు పనిచేస్తున్నారన్నదే వాదం.

గుడ్లు ఏరేది ఎవరని అడిగితే శిక్షకులు కూడా 'ఆడవాళ్లు, పిల్లలు' అని తడుముకోకుండా చెబుతారు. పిల్లలంటే బడి మానిన ఆడపిల్లలని వేరే చెప్పాలా?

మన పురుగు ఏది, వాళ్ల పురుగు ఏది

ఈ మూడు ఊళ్లకు ఇంకో సంగతి ఉంది. వేరే జిల్లాల్లో రాసిన పాఠాలు ఇక్కడికి తెచ్చి అప్పజెప్పేవాళ్లు దీన్ని చూడరు. ధర్మవరం మగ్గం మీద పట్టుచీర, హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు, పక్కనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ. ఈ సీమలో ఎన్నో కుటుంబాలు బతికేదే ఒక గొంగళిపురుగును పెంచి. పట్టుపురుగు గొంగళిపురుగే కదా! చెనిక్కాయ చేలో లద్దె పురుగును చంపే బీటీకి, ఇంట్లో తట్టల్లో మల్బరీ మేసే పట్టుపురుగుకు తేడా తెలియదు. తెలియకపోవడం కాదు, దానికి బాగా తెలిసిన పురుగు ఇదే. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త ఈ బాక్టీరియాను మొట్టమొదట పట్టుకుంది పట్టుపురుగుల్ని హఠాత్తుగా కూల్చే రోగానికి కారణంగానే. జర్మనీలో బెర్లినర్ 1911లో పిండిపురుగులో దాన్ని చూసి తురింజియా సీమ పేరు పెట్టడం ఆ తర్వాతి మాట. అంటే లోకం దీన్ని పంటకు మిత్రుడిగా ఎరుగకముందే పట్టుకు శత్రువుగా ఎరుగును. వేప కూడా అంతే. వేపమందు పడిన మల్బరీ ఆకును వెంటనే మేతకు వేస్తే పట్టుపురుగూ మేత మానుతుంది, అదీ కుబుసం విడవలేక మాడుతుంది.

పట్టుపురుగుల్ని పెంచేది ఎవరు? గుడ్డు పగిలిన దగ్గరనుంచి గూడు కట్టేదాకా సుమారు 25 రోజులు. నాలుగు జ్వరాలు. ఆకు కోయడం, తరగడం, రాత్రీ పగలూ మేత వేయడం, పెంట తీయడం, పండిన పురుగును చంద్రికలకు ఎక్కించడం. చివరి దశలో ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదంటారు గాని, నిద్ర లేనిది ముఖ్యంగా ఆడవాళ్లకే. గూళ్లు మార్కెట్‌కు తీసుకుపోయేది, డబ్బు లెక్కపెట్టుకునేది మగవాళ్లు. సరే, అది పాత గొడవ. ఇప్పటి గొడవ ఏమిటంటే, పక్క చేనువాడు సాయంత్రం గాలివాటున బీటీ కొడితే, ఆ తుంపర మల్బరీ మీద పడితే, 20 రోజులు మేపిన పంట రెండు రోజుల్లో పోతుంది. కొట్టేముందు ఆమెను ఎవరైనా అడగాలా వద్దా? కనీసం చెప్పాలా వద్దా?

చేను ఆయనది, మందు 'సేంద్రియం', బాక్టీరియా 'ప్రకృతి సిద్ధం'. ఇంక అడగడానికేముందనుకుంటారు. వ్యవసాయ శాఖ ఒకటి, పట్టు పరిశ్రమ శాఖ ఇంకొకటి. ఒకరు పురుగును చంపడం నేర్పుతారు, ఇంకొకరు పెంచడం నేర్పుతారు. రెండు పాఠాలూ నేర్చుకుని ఒకే ఇంట్లో అమలుచేసే మనిషి మాత్రం ఒక్కతే. పొద్దున చెనిక్కాయ చేలో కషాయం పిండిన చేతుల్తోనే ఆమె మధ్యాహ్నం మల్బరీ ఆకు వెయ్యాలి. చేతులు, దంచిన రోలు, వడపోసిన గుడ్డ, కోత కొడవలి, అన్నీ వేరు చేసుకోవాలని ఆమెకు చెప్పేదెవరు? వేరే రోలు కొనిచ్చేదెవరు?

నిజానికి ఈ ప్రాంతానికి బీటీ కంటే ఎన్‌పీవీ అనే వైరస్ మేలు. పొగాకు లద్దె పురుగుకు దాని వైరస్ వేరు, శనగపచ్చ పురుగుకు దానిది వేరు. చాలావరకు ఒక్కొక్కటీ ఒక్కో పురుగు జాతికే పరిమితం, పట్టుపురుగు జోలికి రావు. దీన్ని ఊళ్లోనే తయారుచెయ్యవచ్చు. లద్దె పురుగుల్ని ఆముదపాకు మేపి పెంచి, వైరస్ పూసిన ఆకు పెట్టి, చచ్చిన పురుగుల్ని నూరి వడపోయాలి. వేల పురుగుల్ని ఆరోగ్యంగా పెంచడం, రోగం సోకినదాన్ని కంటితో గుర్తుపట్టడం, శుభ్రత, ఉష్ణోగ్రత, మేత వేళలు. ఈ విద్య హిందూపురం ఆడవాళ్లకంటే బాగా ఎవరికి వచ్చు? పట్టుపురుగుల్ని పెంచే గదికి దూరంగా, వేరే మనుషులతో, వేరే పనిముట్లతో నడిపితే చాలు. ఇది నైపుణ్యం ఉన్న పని. నైపుణ్యం ఉన్న పనికి జీతం ఉండాలి. కాని శిక్షణకు పిలవాల్సి వచ్చినప్పుడు పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో చూసి పిలుస్తారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ల చేతిలో ఉన్న కమతాలు సుమారు 14 శాతమే. ఆడరైతుకు గుర్తింపు ఇచ్చే చట్టం కోసం ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చర్చ లేకుండానే మురిగిపోయింది.

అస్త్రాలు, ఆయుధాలు

2016 నుంచి మన రాష్ట్రంలో 'జీరో బడ్జెట్' మాట మారుమోగింది. 2019 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలోకి కూడా ఎక్కింది. ఆ మాట తెచ్చిన సుభాష్ పాలేకర్ చెప్పిన సున్నాకు అర్థం కొంత వేరు. అంతర పంటల మీద వచ్చే రాబడితో ప్రధాన పంట పెట్టుబడి తీరిపోవడం. ఊళ్లోకి వచ్చేసరికి అది 'ఖర్చే లేదు' అన్న అర్థానికి దిగింది. తర్వాత మన రాష్ట్ర కార్యక్రమం పేరులోంచి సున్నా పోయింది. లెక్కలోంచి పోలేదు.

ఆ కషాయాల పేర్లు చూడండి. నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నాస్త్రం. పేర్లు వింటే కురుక్షేత్రం, తయారయ్యేది పెరట్లో. అగ్నాస్త్రంలో వేపాకు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, పొగాకు ఆవుమూత్రంలో ఉడకబెట్టాలి. ఆ ఆవిరి పీల్చేది ఎవరో అస్త్రానికి పేరు పెట్టినవాళ్లు ఆలోచించారా? పొగాకులో ఉన్న నికోటిన్ విషం. నికోటిన్ సల్ఫేట్ అనే పురుగుమందు వాడకాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు. ఫ్యాక్టరీలో తయారైతే నిషేధం, ఇంటి పొయ్యి మీద ఆడమనిషి ఉడికిస్తే ప్రకృతి! ఆమెకు చేతి తొడుగులిచ్చారా? బయట గాలిలో కాచమని, పిల్లల్ని దూరంగా ఉంచమని, ఆ గిన్నెలో మళ్లీ వండొద్దని చెప్పారా? కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు పొగాకు కషాయం జోలికి రావద్దని ఏ కరపత్రంలోనైనా మొదటి పేజీలో అచ్చువేశారా? సహజమైనదంతా మంచిదన్న నమ్మకం ఆరోగ్యం మీద గౌరవంతో పుట్టింది అనుకోలేం. ఉమ్మెత్తా సహజమే, పాము విషమూ సహజమే.

ఆవుమూత్రం మాట కూడా వచ్చింది గనుక చెప్పాలి. వరస కరువుల్లో పశువుల్ని అమ్ముకున్న ఇళ్లు ఈ ప్రాంతంలో కొల్లలు. పశువు లేని దళితవాడ ఇల్లాలు పట్టేదార్ల కొట్టంలో పేడెత్తి, ఆ బదులు మూత్రం తెచ్చుకోవాలా? 'రైతు దగ్గర ఉన్నదే' అన్న మాటలో ఎవరి దగ్గర ఏమీ లేదో కనబడదు.

ఉచితమైతే సేవ, అమ్మితే నేరం

కషాయంలో డబ్బు లేదని మనవాళ్లు ఆడవాళ్లకు చెబుతున్న ఆ కాలంలోనే, అందులో ఎంత డబ్బుందో బహుళజాతి సంస్థలు ఎరుగుదురు. 1990ల మొదట్లో హిందూపురానికి పొరుగునే ఉన్న కర్ణాటక తుమకూరులో డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే అమెరికన్ కంపెనీ, పి.జె. మార్గో అనే మన దేశపు కంపెనీతో కలిసి వేపగింజల ఫ్యాక్టరీ పెట్టింది. అదే గ్రేస్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి 1994లో యూరప్ పేటెంటు ఆఫీసు వేపనూనె శిలీంద్రనాశినిపై పేటెంటు ఇచ్చింది. వందన శివ, యూరప్ పార్లమెంటు గ్రీన్ సభ్యురాలు మాగ్డా ఆల్వోట్, సేంద్రియ వ్యవసాయ సంస్థల అంతర్జాతీయ సమాఖ్య తరఫున లిండా బులార్డ్ – ముగ్గురూ ఆడవాళ్లే – దానిమీద పోరాడారు. 2000 మే నెలలో పేటెంటు రద్దయింది, కంపెనీ అప్పీలు 2005 మార్చిలో కొట్టేశారు. ఆ గెలుపు మనకు గర్వకారణం. కాని అక్కడ 'మా అమ్మమ్మల జ్ఞానం' అని వాదించి గెలిచాం, ఇక్కడ ఆ అమ్మమ్మల మనవరాలు గింజ ఏరితే కూలి ఇవ్వం. జ్ఞానానికి హక్కు ఉన్నప్పుడు శ్రమకు లేదా?

బీటీ సంగతీ ఇంతే. ఆ నేలలోని బాక్టీరియా జన్యువును పత్తి విత్తనంలో పెట్టి 2002లో మన దేశంలోకి తెచ్చారు. 450 గ్రాముల ప్యాకెట్టు 1,850 రూపాయలకు అమ్మారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఎక్కి, ధర 750కి దించితే గాని దిగలేదు. గులాబీరంగు పురుగు ఆ విషానికి తట్టుకుందని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. బాక్టీరియాను విత్తనంలో బంధించి అమ్మితే అది వ్యాపారం, అనుమతులున్నాయి. హిందూపురం మహిళా సంఘం లద్దె పురుగుల వైరస్ తయారుచేసి సీసాల్లో అమ్మాలంటే? బీటీ, ఎన్‌పీవీ, వేప ఉత్పత్తులు కూడా 1968 పురుగుమందుల చట్టం కిందికే వస్తాయి. అమ్మకానికి తయారుచెయ్యాలంటే ఫరీదాబాద్‌లోని కేంద్ర బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి, పరీక్షల నివేదికలు కావాలి, లైసెన్సు కావాలి. నాణ్యత చూడొద్దని మేం అనం. నకిలీ 'బయో' సీసాల్లో రసాయనం కలిపి అమ్మే మోసం తెలిసిందే. కాని నాణ్యత పరీక్ష ఖర్చు పెట్టుకోలేని ఆడవాళ్లు ఉచితంగా పంచితే సేవ, పది రూపాయలకు అమ్మితే నేరం అయ్యే చోట, 'మహిళా సాధికారత' అనే మాట ఎవరి నోట వచ్చినా నిలబెట్టి అడగాలి.

దీనికి మార్గం లేదా అంటే ఉంది, ఈ నేలమీదే జరిగింది. ఖమ్మం జిల్లా పునుకుల (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) పత్తి పండించే ఊరు. 1999 తర్వాత సెక్యూర్ అనే సంస్థ తోడ్పాటుతో రసాయన మందులు మానేసి, పంచాయతీ తీర్మానం దాకా వెళ్లింది. పునుకుల కథను మన సమావేశాల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. చెప్పుకోని ముక్క ఏమిటంటే, అక్కడ మహిళా సంఘం వేపగింజలు పొడిచేసే యంత్రం తెచ్చుకుని దాన్ని ఒక పనిగా నడిపింది, ఇద్దరు ఆడవాళ్లకు దానిమీద ఉపాధి దొరికింది. ఇంటింటా రోట్లో దంచే చాకిరీ ఊరి మధ్య కూలి వచ్చే పనిగా మారింది. ఇదే మేం అడిగేది.

కూలి లెక్క కడితే కషాయం ఖరీదెక్కి రైతు మళ్లీ దుకాణానికి పోతాడని కొందరు మిత్రుల భయం. నిజాయితీ గల భయమే. కాని దాని అర్థం ఏమిటి? ఈ పద్ధతి ఆడవాళ్ల ఉచిత చాకిరీ మీద మాత్రమే నిలబడుతుందనా? అలాగైతే ముందే ఒప్పుకోండి, అప్పుడు వేరే మాట మాట్లాడుకుందాం. రసాయన ఎరువులకు వేల కోట్ల సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం ఉంది. ప్రకృతి వ్యవసాయ జాతీయ మిషన్‌కు 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అందులో 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు పెడతామన్నారు, ఊరూరా కృషి సఖులు ఉంటారన్నారు. ఆ కేంద్రాల్లో దంచేవాళ్లకు, పిండేవాళ్లకు, గింజ ఏరి తెచ్చే భూమి లేని ఆడవాళ్లకు ఎంత ఇస్తారు? గింజ కిలోకు ధర ఎవరు కడతారు? పోరంబోకు వేపచెట్ల కింద ఏరుకునే హక్కు ఆ వాడ ఆడవాళ్లకే ఉంటుందా, లేక ధర పెరగ్గానే గట్టుమీది చెట్టుకూ రోడ్డుమీది చెట్టుకూ యజమాని పుట్టుకొస్తాడా?

ఇవి గ్రామసభలో అడిగే ప్రశ్నలు, సంస్థల లోపల కూడా అడిగే ప్రశ్నలు. సంస్థల్లో పనిచేసే మనం ముందు మన ప్రాజెక్టు నివేదికల్లోని 'పెట్టుబడి ఆదా' వరస తీసి చూసుకోవాలి. ఆదా అయిందన్న ప్రతి రూపాయి పక్కన ఎన్ని ఆడకూలి రోజులు పడ్డాయో రాయాలి, ఆ ఊరి కళ్లం కూలి రేటుకే రాయాలి. పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా బీటీ సీసా పంచే ముందు ఆ పొలం చుట్టూ మల్బరీ ఎవరికుందో, పురుగులు ఏ జ్వరంలో ఉన్నాయో ఆ ఇంటి ఆడవాళ్లను అడిగి రాసుకోవాలి. వాళ్లు వద్దంటే కొట్టకూడదు. మగవాళ్లతో మాట్లాడి 'ఊరు ఒప్పుకుంది' అని రాస్తే చెల్లదు. పొగాకు ఉడికించే పాఠాన్ని శిక్షణల్లోంచి తీసేయాలి, లేదా తొడుగులు, ముసుగు, వేరే పాత్ర ఇచ్చాకే నేర్పాలి. సంఘాల వైరస్, బాక్టీరియా తయారీకి నాణ్యత పరీక్షను వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగశాలల్లో ఉచితంగా చేయించమని, రిజిస్ట్రేషన్ బాధ్యత ప్రభుత్వ సంస్థే తీసుకోమని రాతపూర్వకంగా అడగాలి. పేరు పాసుపుస్తకంలో లేకపోయినా సేద్యం చేసే ఆడమనిషిని శిక్షణ జాబితాలో రైతుగా రాయించాలి.

వేపపండ్లు రాలే నెలలోనే చాలాచోట్ల ఖరీఫ్ శిక్షణలు మొదలవుతాయి. బోర్డు మీద ఆ రెండు వరసల లెక్క మళ్లీ వేస్తారు. కషాయం వైపు సబ్బు ఖరీదు రాసి సుద్దముక్క కింద పెట్టబోతుండగా లేచి నిలబడి, గింజ ఏరిన రోజులు, దంచిన పూటలు, మోసిన బిందెలు ఒక్కొక్కటే చెప్పి రాయించాలి. ఆ తర్వాతే కూడిక.